డీప్ స్పేస్ నైన్ డీవీడీ సెట్: ఆఫీసర్ల అకాడమీ చూపించారు, మరి సెయిలర్ల ట్రైనింగ్ ఎక్కడ?

పదిహేనేళ్లు నేవీలో ఎలక్ట్రికల్ సెయిలర్‌గా పనిచేసి బయటికొచ్చినవాణ్ణి. అందుకే స్టార్ ట్రెక్ వరసలోని డీప్ స్పేస్ నైన్ అనే అంతరిక్ష సీరియల్ డీవీడీ సెట్‌ని మొదటి నుంచి చివరిదాకా ఒకే ప్రశ్న పెట్టుకుని చూశాను: ఆ కథలోని నౌకాదళం స్టార్‌ఫ్లీట్‌లో ఆఫీసర్లు కానివాళ్లకి ట్రైనింగ్ ఎక్కడ ఇస్తారు, ఎవరు ఇస్తారు, ఎలా ఇస్తారు? ఏడు సీజన్లు, 170కి పైగా ఎపిసోడ్లు. రాత్రి భోజనాలయ్యాక రోజుకి రెండు చొప్పున చూస్తే దాదాపు మూడు నెలలు పట్టింది. పక్కన మా అమ్మాయి. తను ఇంటర్ రెండో సంవత్సరం, అగ్నివీర్‌గా నేవీకి వెళ్లాలని పట్టుదలగా ఉంది, కాబట్టి ఈ ప్రశ్నకి జవాబు నాకంటే తనకే ఎక్కువ కావాలి.

ముందు సెట్ సంగతి చెప్పేస్తా. మా బావమరిది డల్లాస్‌లో ఉంటాడు. పోయిన సంక్రాంతికి వస్తూ అక్కడ పాత సామాన్లు అమ్మే ఒక దుకాణంలో దొరికిందని తెచ్చి, "బావా, నీకు ఓడలంటే ప్రాణం కదా, ఇవి అంతరిక్షంలో ఓడలు, చూడు" అని చేతిలో పెట్టాడు. అమెరికా డిస్కులు రీజియన్ 1, మన ఇండియాది రీజియన్ 5. ఆ సంగతి తెలియక టీవీ కింద ఉన్న ప్లేయర్లో పెడితే ఒక్కటీ ఆడలేదు. చివరికి లాప్‌టాప్‌కి తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి కొని, దాన్ని రీజియన్ 1కి మార్చుకుని చూశాం. ఇలాంటి డ్రైవులు రీజియన్‌ని ఐదుసార్లకి మించి మార్చనివ్వవు, కాబట్టి మీరు కొంటే ఒకసారి మార్చి అలాగే వదిలేయండి, మన డిస్కులకి వేరే ప్లేయర్ ఉంచుకోండి. మూడో సీజన్లో ఒక డిస్కు గీతలు పడి ఉంది, ఒక ఎపిసోడ్ సగంలో ఆగిపోయింది. వాడిన సెట్ కొనేటప్పుడు ప్రతి డిస్కూ వెలుతురులో పెట్టి చూసుకోవాల్సిందే.

బొమ్మ మాత్రం పాత టీవీ బొమ్మే, పెద్ద స్క్రీన్ మీద మసకగా ఉంటుంది. సీరియల్‌ని ఫిల్మ్ మీదే తీశారు గానీ ఎడిటింగూ గ్రాఫిక్సూ వీడియో మీద చేశారట, అందుకే ఇప్పుడు హెచ్‌డీ చెయ్యాలంటే అంతా మళ్లీ మొదటి నుంచి కట్టుకు రావాలి. దీని ముందు సీరియల్ అయిన నెక్స్ట్ జనరేషన్‌కి ఆ కష్టం పడి బ్లూరే తెచ్చారు, దీనికి తేలేదు. నాకు బాధగా ఉంది, ఎందుకంటే సామాన్య సెయిలర్‌ని గట్టిగా నిలబెట్టిన సీరియల్ ఇదే. తెలుగు డబ్బింగ్ లేదు, తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే మా అమ్మాయికి బాగానే అర్థమైంది.

ఇంక అసలు విషయం. స్టార్‌ఫ్లీట్ అంటే స్టార్ ట్రెక్ కథల్లో ఉండే అంతరిక్ష నౌకాదళం. 1966లో మొదలైన ఆ కథల వరసలో ఈ సీరియల్ 1993 నుంచి 1999 దాకా నడిచింది. ర్యాంకులన్నీ నేవీవే: ఎన్‌సైన్, లెఫ్టినెంట్, కమాండర్, కెప్టెన్ అని పైకి, క్రూమన్, పెట్టీ ఆఫీసర్, చీఫ్ అని కిందికి. మన నేవీలో ఆఫీసర్లు కేరళలో ఎళిమల అకాడమీ నుంచి వస్తారు, సెయిలర్లు ఒడిశాలో చిల్కా సరస్సు ఒడ్డున ఉన్న ఐఎన్ఎస్ చిల్కా నుంచి వస్తారు. రెండు దారులు, రెండు జీవితాలు. స్టార్‌ఫ్లీట్‌లో ఆఫీసర్ల అకాడమీ శాన్ ఫ్రాన్సిస్కోలో ఉంటుంది. దాని తోటలూ, ఎంట్రన్స్ పరీక్షలూ, యూనిఫాంలో తిరిగే కేడెట్లూ అన్నీ ఈ కథల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వాళ్ల చిల్కా ఎక్కడ ఉందో ఏడు సీజన్లలో ఒక్కసారీ కనిపించలేదు. ఒక్క బ్యారక్ లేదు, ఒక్క పరేడ్ గ్రౌండ్ లేదు, మొదటిరోజు జుట్టు కత్తిరించుకుని అద్దంలో తనని తాను గుర్తుపట్టలేని కుర్రాడు ఒక్కడూ లేడు.

మొదట్లో ఈ కథల్ని సృష్టించినవాళ్లు ఓడలో ఉన్న ప్రతి ఒక్కరూ వ్యోమగామి స్థాయి ఆఫీసరే అని అనుకున్నారట, ఆ ఆలోచన నీడ చాలా ఏళ్లు ఉండిపోయింది. నాకు అది నచ్చదు. వెయ్యిమంది తిరిగే ఓడలో కరెంటు బోర్డు విప్పేవాడు, గాయానికి కట్టు కట్టేవాడు, సామాను లెక్క చూసేవాడు ఉండాలి, వాళ్లు అకాడమీకి వెళ్లనివాళ్లయి ఉండాలి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇరవై నాలుగో శతాబ్దం కథ రాసేటప్పుడైనా సరే, పని తెలిసినవాళ్లని లేనట్టు రాస్తే ఓడ నమ్మేలా ఉండదు.

సరిగ్గా చెప్పాలంటే సెయిలర్ల ట్రైనింగ్ మాట నోటితో పలికిన కుర్రాడు ఒకడున్నాడు, కానీ ఈ సెట్‌లో కాదు, నెక్స్ట్ జనరేషన్‌లో, 1991లో వచ్చిన 'ద డ్రమ్‌హెడ్' అనే ఎపిసోడ్లో. సైమన్ టార్సెస్, మెడికల్ టెక్నీషియన్, క్రూమన్ ఫస్ట్ క్లాస్. విచారణలో ఇరుక్కున్నాక కెప్టెన్ పికార్డ్ అతన్ని పిలిచి టీ ఇచ్చి మాట్లాడతాడు. అప్పుడు చెప్తాడు, అమ్మానాన్నలకి తను అకాడమీకి వెళ్లాలని ఉండేదని, తనకి మాత్రం ఆగే ఓపిక లేక, తొందరగా నక్షత్రాల మధ్యకి పోవాలని ఎన్‌లిస్టెడ్, అంటే ఆఫీసర్లు కానివాళ్ల ట్రైనింగ్‌లో చేరిపోయానని. అంతే, ఆ ట్రైనింగ్ ఎన్ని నెలలు, ఏం నేర్పారు అనేది మళ్లీ ఎక్కడా రాదు. కానీ ఆ ఒక్క మాట విని నేను లేచి నిలబడ్డాను. మా నాన్న కూడా నన్ను డిగ్రీ చదవమన్నాడు. మాకు ఆమదాలవలస దగ్గర రెండెకరాల పొలం, అన్నయ్య చదువుకే అప్పులు, నేనేమో ఇంటర్ అయిన వెంటనే చిల్కా కాల్ లెటర్ పట్టుకుని రైలెక్కేశాను. కుర్రాడు తొందరపడి తక్కువ దారి పట్టాడని కాదు, వాడికి పని కావాలి, ఓడ కావాలి, అది ఇప్పుడే కావాలి. ఆ తొందర ఏమిటో తెలిసిన మనిషెవరో ఆ సీన్ రాశారనిపించింది.

టార్సెస్ దరఖాస్తులో ఒక అబద్ధం రాశాడు, తన తాత రోములన్ అయితే వల్కన్ అని రాశాడు. శత్రుజాతి రక్తం అని తెలిస్తే తీసుకోరేమోనని భయం. ఇదంతా బయటపడి అతని ఉద్యోగం ప్రమాదంలో పడుతుంది. రిక్రూట్‌మెంట్ అంటే మొట్టమొదట కాగితం, ఆ కాగితంలో నిజం రాయాలి అని మా అమ్మాయికి ఆ రాత్రే చెప్పాను.

ఇంక ఓబ్రయన్. మైల్స్ ఓబ్రయన్ కోసమే ఈ సెట్ కొనాలి. ఐర్లండ్ నటుడు కోల్మ్ మీనీ వేశాడు. 1987లో నెక్స్ట్ జనరేషన్ మొదటి ఎపిసోడ్లో పేరు కూడా లేని చిన్న వేషం. తర్వాత ట్రాన్స్‌పోర్టర్ (మనుషుల్ని క్షణంలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపే యంత్రం) గదిలో నిలబడే మనిషి, తర్వాత చీఫ్, ఆ తర్వాత ఈ సీరియల్లో ఏకంగా కథ జరిగే అంతరిక్ష స్టేషన్ మొత్తానికి చీఫ్ ఆఫ్ ఆపరేషన్స్. అయితే నెక్స్ట్ జనరేషన్లో చాలాకాలం అతని కాలర్ మీద లెఫ్టినెంట్ చుక్కలే ఉండేవి, పిలవడం మాత్రం చీఫ్ అనేవారు. మా అమ్మాయి "నాన్నా, ఈయన ఆఫీసరా, సెయిలరా?" అని అడిగితే ఆ సీరియల్ నాలుగో సీజన్లో 'ఫ్యామిలీ' ఎపిసోడ్ దాకా నా దగ్గర జవాబు లేదు. అందులో క్లింగాన్ అనే యోధుల జాతికి చెందిన ఆఫీసర్ వార్ఫ్‌ని పెంచిన తండ్రి సెర్గేయ్ రోజెంకో వస్తాడు, ఆయనా పాత చీఫ్ పెట్టీ ఆఫీసరే, ఓబ్రయన్‌ని చూడగానే తన జాతివాడిని చూసినట్టు ముఖం వెలిగిపోతుంది. రిటైరైన సెయిలర్ ఇంకో సెయిలర్‌ని రైల్వే స్టేషన్లో గుర్తుపట్టినప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. డీప్ స్పేస్ నైన్ తర్వాతి సీజన్లకి వచ్చేసరికి ఓబ్రయన్‌కి ఆఫీసర్ల చుక్కలకి వేరుగా తన ర్యాంకుకి తగ్గ బిళ్ల పెట్టారు. చిన్న విషయమే, కానీ భుజం మీదా కాలర్ మీదా ఏముందో చూసి సెల్యూట్ కొట్టే జీవితం గడిపినవాళ్లకి చిన్నది కాదు.

ఈయన ఎలా చేరాడో రెండో సీజన్లో 'షాడోప్లే'లో చెప్తాడు. స్టేషన్‌ని నడిపే కమాండర్ సిస్కో కొడుకు జేక్‌ని పని నేర్చుకోమని ఓబ్రయన్ దగ్గర పెడతారు. ఆ పిల్లాడికేమో స్టార్‌ఫ్లీట్ అంటే ఇష్టం లేదు, నాన్నకి చెప్పడానికి భయం. అప్పుడు ఓబ్రయన్ తన సంగతి చెప్తాడు: వాళ్ల నాన్నకి కొడుకు చెల్లో వాయించాలని కోరిక, సంగీతం కాలేజీలో సీటు కూడా వచ్చింది, ఇంక బయల్దేరాల్సిన రోజులు దగ్గర పడగా వెళ్లి స్టార్‌ఫ్లీట్‌లో చేరిపోయాడు. అదే సీజన్లో 'ప్యారడైజ్' అనే ఎపిసోడ్లో ఇంకో ముక్క తెలుస్తుంది. తను పుట్టుకతోనే మెకానిక్ కాదట. యుద్ధంలో శత్రువు మీదికి వస్తుంటే పనిచెయ్యని ఫీల్డ్ ట్రాన్స్‌పోర్టర్ని ఎలాగో బతికించి మనుషుల్ని బయటికి తెచ్చాడు, అప్పటినుంచి అందరూ ఇతన్ని ఆ పనిలో మొనగాడిగా చూశారు, జీవితం ఆ దారిన పడింది.

ఇక్కడ నాకు నచ్చిందీ, నచ్చనిదీ రెండూ ఉన్నాయి. అవసరం నెత్తిన పడ్డప్పుడు నేర్చుకున్న పని జన్మలో మర్చిపోం, అది నిజం. కానీ ప్రాణాల మీదికి వచ్చినప్పుడు చేతులు ఆడాలంటే అంతకుముందు ఆ చేతులు వందసార్లు ఉత్తినే చేసి ఉండాలి. మాకు చిల్కాలో అయితే దాదాపు ఆరునెలలు. పొద్దున్నే పీటీ, డ్రిల్లు, ఈత, పడవలో తెడ్లు వెయ్యడం, రైఫిల్, ముడులు, క్లాసులు. మా ఊరి పక్క పిల్లలకి అన్నిటికంటే కష్టం ఈత కాదు, పరుగూ కాదు, హిందీ. ఇన్‌స్ట్రక్టర్ ఏం అరుస్తున్నాడో అర్థం కాక పక్కవాణ్ణి చూసి తిరిగేవాళ్లం. వాడు తప్పు తిరిగితే మేమూ తప్పే, ఇద్దరికీ కలిపి గ్రౌండ్ చుట్టూ పరుగు. నెల తిరిగేసరికి తిట్లతో సహా హిందీ వచ్చేసింది. స్టార్‌ఫ్లీట్ వాళ్ల దగ్గర ఏ భాషనైనా మార్చి వినిపించే యంత్రం ఉంది కాబట్టి ఆ కష్టం లేదు. కానీ వేరే గ్రహం నుంచి, వేరే పద్ధతుల నుంచి వచ్చిన కుర్రాడు మొదటి నెలలో ఎంత ఒంటరిగా ఉంటాడో చూపించి ఉంటే, భాష మార్చే యంత్రం ఉన్నా సరే, ఆ కథ మాలాంటి లక్షలమందిది అయ్యేది. చిల్కా తర్వాత జామ్‌నగర్‌లో ఐఎన్ఎస్ వల్సురా, అక్కడ ఎలక్ట్రికల్ కోర్సు. అంతా అయ్యాక ఓడ ఎక్కితే, మొదటిరోజు మా చీఫ్ అన్న మాట: "నువ్వు నేర్చుకుంది పక్కన పెట్టు, పారేయకు, పక్కన పెట్టు. రెండేళ్ల తర్వాత అదంతా నీకు అర్థమవుతుంది." ఆయన మలయాళీ, నెమ్మదిగా మాట్లాడేవాడు.

ఆ చీఫ్ నాకు మళ్లీ కనిపించింది నాలుగో సీజన్లో 'స్టార్‌షిప్ డౌన్' అనే ఎపిసోడ్లో. ఈ ఒక్క ఎపిసోడ్ గురించి ఎంతసేపైనా మాట్లాడతాను. డిఫయంట్ అనే యుద్ధనౌక ఒక గ్యాస్ గ్రహం వాతావరణంలోకి దిగి శత్రువుతో దాగుడుమూతల్లా పోరాడుతుంటుంది, సబ్‌మెరైన్ కథల్లా ఏమీ కనిపించదు, వినడమే. బ్రిడ్జి, అంటే ఓడని నడిపే గది, దెబ్బతింటుంది, కెప్టెన్‌కి తలకి గాయం, వార్ఫ్ ఇంజనీరింగ్ గదిలోకి దిగి అక్కడినుంచి కమాండ్ తీసుకుంటాడు. వార్ఫ్ మంచి యోధుడు, ధైర్యానికి లోటు లేదు, కానీ ఆ గదిలో ఉన్న టెక్నీషియన్ల మీద బ్రిడ్జి ఆఫీసర్ల మీద అరిచినట్టే అరుస్తాడు. ఇంత టైములో ఇది కావాలి, ఎందుకు కాలేదు, ఇంకా ఎంతసేపు. వాళ్లు చేస్తున్నారు, కానీ బిగుసుకుపోతున్నారు, తప్పులు వస్తున్నాయి. అప్పుడు ఓబ్రయన్ వార్ఫ్‌ని పక్కకి తీసుకెళ్లి, అందరి ముందూ కాకుండా, మర్యాదగా చెప్తాడు: వీళ్లు అకాడమీ నుంచి వచ్చినవాళ్లు కాదు, వీళ్ల పని సమస్యల్ని విప్పడం, ఏం కావాలో చెప్పి చెయ్యనివ్వండి, దారి వాళ్లే వెతుకుతారు. వార్ఫ్ వింటాడు. కాసేపటికి తనే వాళ్లని మెచ్చుకుంటాడు, పని అవుతుంది.

నాకు ఓడ పేరు చెప్పే హక్కు లేదు గానీ ఒక రాత్రి సముద్రంలో మాకు జనరేటర్ ఒకటి ట్రిప్పయింది. చీకటి, ఎమర్జెన్సీ లైట్లు, కొత్తగా వచ్చిన యువ ఆఫీసర్ ఒకాయన టెన్షన్‌లో నిమిషానికోసారి ఫోన్ చేస్తున్నాడు. నా చేతులు వణుకుతున్నాయి, ప్యానెల్ స్క్రూ ఒకటి ఊడి కింద పడింది. మా చీఫ్ నా వెనక నిలబడి టార్చి పట్టుకున్నాడు, అంతే. తీసుకుని తనే చెయ్యలేదు. ఫోన్ తను ఎత్తి, "పది నిమిషాలు సార్" అని మాత్రం చెప్పాడు, నాకు తెలిసి ఆ పది నిమిషాలు ఎక్కడినుంచి వచ్చాయో ఆయనకీ తెలియదు. ఏడు నిమిషాల్లో లేచింది. ఓబ్రయన్ వార్ఫ్‌ని పక్కకి పిలిచినప్పుడు నాకు ఆ టార్చి వెలుతురే గుర్తొచ్చింది. స్టార్‌ఫ్లీట్‌లో సెయిలర్ల ట్రైనింగ్ స్కూలు ఏదని అడిగితే నా జవాబు ఇదే ఇప్పుడు: ఆ ఇంజనీరింగ్ గది. పై నుంచి వచ్చే అరుపుకీ, కింద వణికే చేతికీ మధ్య నిలబడే చీఫ్ ఎక్కడుంటే అక్కడే స్కూలు. రాసినవాళ్లకి ఇది బాగా తెలుసు, తెలుసు కాబట్టే మొదటి ఆరునెలలు చూపించకుండా వదిలేసినందుకు కోపం ఇంకా ఎక్కువ.

ఆ గదిలో మునిజ్ అని ఒక కుర్రాడుంటాడు. ఓబ్రయన్ కింద పనిచేసే ఎన్‌లిస్టెడ్ టెక్నీషియన్, చీఫ్‌తో చనువుగా హాస్యాలాడేవాడు. అతన్ని ఐదో సీజన్లో 'ద షిప్'లో చంపేస్తారు. పాడైన శత్రునౌకలో ఇరుక్కుని, గాయం మానక, రక్తం ఆగక, గంటలు గంటలు. ఓబ్రయన్ అతనికి ఏం కాదు, లేస్తావు, ఇదిగో ఈ పని చూడు అని మాటల్లో పెడుతూనే ఉంటాడు. వార్ఫేమో చావు దగ్గరికొచ్చినవాడికి నిజం చెప్పి సిద్ధం చెయ్యాలంటాడు. ఇద్దరికీ దాదాపు కొట్లాట. చివర్లో సరుకు గదిలో శవపేటిక పక్కన ఓబ్రయన్ ఒక్కడే కూర్చుంటే వార్ఫ్ వచ్చి పక్కన కూర్చుంటాడు, క్లింగాన్ ఆచారం ప్రకారం చచ్చినవాడికి కాపలా. ఇంతకంటే ఎక్కువ నేను రాయలేను. పని నేర్పినవాడికి నేర్చుకున్నవాడు పోతే ఎలా ఉంటుందో చూపించిన సీన్ టీవీలో నేను ఇంకోటి చూడలేదు. మా అమ్మాయి ఆ రాత్రి రెండో ఎపిసోడ్ వద్దంది.

నాగ్ గురించి చెప్పకపోతే తప్పు. ఫెరెంగీ జాతి కుర్రాడు, లాభం తప్ప ఇంకోటి తెలియని జాతి అని అందరూ అనుకునేవాళ్లు. వాళ్లలో స్టార్‌ఫ్లీట్‌లోకి వెళ్లిన మొదటివాడు. మూడో సీజన్లో సిఫారసు ఉత్తరం కోసం సిస్కో దగ్గరికి వస్తే, సిస్కో నమ్మక, ఒక సరుకు గోదాము మొత్తం లెక్కపెట్టమంటాడు, ఏదన్నా కొట్టేస్తాడేమో చూద్దామని. వీడు పట్టుదలగా లెక్క పూర్తిచేసి, ముందు చేసినవాళ్లు వదిలేసిన సామాను కూడా పట్టుకొస్తాడు. ఆ పరీక్ష నాకు చాలా నచ్చింది. రాత పరీక్ష కాదు, ఇంటర్వ్యూ కాదు, ఎవరూ చూడనప్పుడు బోరుకొట్టే పని ఎలా చేస్తావు అన్నది. స్టోర్స్ లెక్క సరిగ్గా రాసేవాడికి ఓడలో ఏదైనా నేర్పొచ్చు, నా అనుభవం అది. నాగ్ ఆఫీసర్ దారిన వెళ్లినవాడే, కానీ కేడెట్‌గా స్టేషన్‌కి వచ్చాక అతనికి పని నేర్పింది సెయిలరైన ఓబ్రయనే. మన దగ్గరా అంతే, కొత్త ఆఫీసర్‌కి ఓడ అంటే ఏమిటో నేర్పేది చీఫే, ముందు సెల్యూట్ కొట్టి తర్వాత నేర్పుతాడు.

చీఫ్ లేకపోతే ఏమవుతుందో ఆరో సీజన్లో 'వాలియంట్' చూపిస్తుంది. అకాడమీలో అందరికంటే తెలివైన కేడెట్ల జట్టు ట్రైనింగ్ ప్రయాణంలో ఉండగా యుద్ధం వస్తుంది, ఓడలో ఉన్న ఆఫీసర్లు పోతారు, పిల్లలే ఓడ నడుపుకుంటూ శత్రుదేశంలో నెలల తరబడి తిరుగుతారు. ఒక కేడెట్ కెప్టెన్, ఒక అమ్మాయి చీఫ్ పెట్టీ ఆఫీసర్. పేరుకి చీఫ్ ఉంది, కానీ ఆ అమ్మాయి కూడా వాళ్లలాంటి పిల్లే, ఇంటిమీద బెంగ పెట్టుకుని ఏడిస్తే అదీ తప్పే వాళ్ల దగ్గర. "ఇది మన వల్ల కాదు, వెనక్కి తిరుగుదాం" అని చెప్పగల నలభై ఐదేళ్ల మనిషి ఒక్కడు లేడు. తమకంటే ఎన్నో రెట్లు పెద్ద యుద్ధనౌక మీదికి వెళ్తారు, నాగ్, జేక్, ఆ అమ్మాయి తప్ప అందరూ చచ్చిపోతారు. ఈ ఎపిసోడ్ కొంతమందికి నచ్చదు, పిల్లలు మరీ మూర్ఖంగా ఉన్నారంటారు. నాకు మాత్రం వణుకు పుట్టింది, ఎందుకంటే వాళ్లు మూర్ఖులు కాదు, మార్కుల్లో అందరికంటే పైవాళ్లు.

ఈ సెట్‌లో లేకపోయినా స్టార్ ట్రెక్ వరసలోనే వచ్చిన వాయేజర్ సీరియల్లో రెండు ఎపిసోడ్లు దీనికి జతగా చూడాలి, నేను మా పాత షిప్‌మేట్ దగ్గర తెచ్చుకుని చూశాను. 1995లో వచ్చిన 'లెర్నింగ్ కర్వ్' ఒక్కటే అసలు ట్రైనింగ్ క్లాసులా ఉంటుంది. తిరుగుబాటు గుంపు నుంచి వచ్చిన నలుగురికి టూవాక్ అనే వల్కన్ ఆఫీసర్ పాఠాలు చెప్తాడు, బరువు పెంచిన గురుత్వాకర్షణలో పరిగెత్తిస్తాడు, చేతులతో గది తుడిపిస్తాడు, ఓడిపోయే యుద్ధంలో పెట్టి వెనక్కి రావడం ఎప్పుడో నేర్చుకోమంటాడు. మొదట్లో అది మా గ్రౌండే. చివర్లో ఆయన తన నియమం తనే పక్కన పెట్టి వాళ్లలో ఒకణ్ణి కాపాడతాడు, అప్పుడు గానీ వాళ్లు ఆయన్ని నమ్మరు. నిజమే గానీ, ఆరునెలల పని నలభై ఐదు నిమిషాల్లో అయిపోయింది, ఆ నలుగురూ తర్వాత ఏమయ్యారో కూడా పెద్దగా పట్టించుకోలేదు. 2000లో వచ్చిన 'గుడ్ షెపర్డ్'లో కెప్టెన్ జేన్‌వే వెనకబడ్డ ముగ్గురు క్రూమన్లని తనతో చిన్న ఓడలో తీసుకెళ్తుంది. మంచి మనసుతో రాసిందే. కానీ ఆరేళ్లు ఓడలో ఉండి వెనకబడ్డవాళ్లని కెప్టెన్ స్వయంగా వచ్చి చూడాల్సి వచ్చిందంటే మధ్యలో చీఫులు ఎక్కడ? మన నేవీలో ప్రతి సెయిలర్‌కీ ఒక డివిజనల్ ఆఫీసర్ ఉంటాడు, వాడి చదువు, వాడి ఇల్లు, వాడి అప్పు కూడా ఆయనకి తెలిసి ఉండాలి. పైగా అందులో ఒక అమ్మాయి అకాడమీ గురించి మాట్లాడుతుంది, ర్యాంకేమో క్రూమన్. అకాడమీకి వెళ్లిన మనిషి క్రూమన్ ఎలా అయింది? ఈ గందరగోళం ముప్పై ఏళ్లుగా ఉంది, కూర్చుని ఒక పేజీ రాసుకుంటే పోయేది.

మా అమ్మాయి ఒకరోజు నోట్‌బుక్ తెచ్చి, ఈ మూడు నెలల్లో స్టార్‌ఫ్లీట్ సెయిలర్ ట్రైనింగ్ గురించి ఖచ్చితంగా తెలిసినవేంటో రాస్తే సగం పేజీ రాలేదు. ట్రైనింగ్ అనేది ఒకటుంది, అకాడమీకంటే త్వరగా అయిపోతుంది, మార్స్‌లో పుట్టినవాడైనా భూమ్మీద పుట్టినవాడైనా చేరొచ్చు, చేరాక మెడికల్, ఇంజనీరింగ్ అని విడిపోతారు, ఇరవై ఏళ్లు చేస్తే చీఫ్ అవ్వొచ్చు. అంతే. తను చేరబోయే దాని గురించి తనకి అంతకంటే ఎక్కువ తెలుసు: అగ్నివీర్ నాలుగేళ్లు, ఆ తర్వాత పాతికశాతం మందినే ఉంచుతారు, చిల్కాలో మొదటి అగ్నివీర్ బ్యాచ్ పరేడ్ 2023 మార్చి 28న సూర్యాస్తమయం తర్వాత జరిగింది, అందులో అమ్మాయిలూ ఉన్నారు. ఆ వీడియో తను ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. అలాంటి పిల్లకి ఈ కథలు ఒక ట్రైనింగ్ సెంటర్, ఒక బ్యారక్, పక్క మంచం మీద వేరే గ్రహం అమ్మాయి, ఇంత చూపించి ఉంటే ఎంత బాగుండేదో. నాలుగేళ్లు సరిపోతాయా అన్న నా బెంగ వేరే విషయం, ఓబ్రయన్‌లాంటి చీఫ్ నాలుగేళ్లలో తయారవడు, అది ఇంట్లో రోజూ నడిచే చర్చ.

చివరి ఎపిసోడ్లో, 1999లో, యుద్ధం ముగిశాక ఓబ్రయన్ కుటుంబంతో భూమికి వెళ్లిపోతాడు, అకాడమీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పడానికి. అకాడమీకి ఎప్పుడూ వెళ్లని సెయిలర్ అక్కడ ఆఫీసర్లకి గురువు. సంతోషంతో నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంతోషం తగ్గాక అనిపించింది, సెయిలర్ల స్కూలుకి ఎందుకు పంపలేదు ఆయన్ని? తనలాంటి పిల్లలు తొందరపడి రైలెక్కి వచ్చే చోటికి?

కొనాలా వద్దా అంటే, కొనండి. కథకీ మనుషులకీ ఐదుకి నాలుగున్నర ఇస్తాను, డిస్కుల బొమ్మకి రెండున్నర, సెయిలర్ల ట్రైనింగ్ చూపించిన విషయంలో రెండు. ఆ రెండూ ఓబ్రయన్‌వే. సెట్ మొత్తం చూసే టైమ్ లేనివాళ్లు 'షాడోప్లే', 'స్టార్‌షిప్ డౌన్', 'ద షిప్', 'వాలియంట్' ఈ వరసలో చూడండి, వార్ఫ్ ఎవరు, సిస్కో ఎవరు అన్నది కాసేపట్లోనే అర్థమైపోతుంది. ఫోర్స్‌లో చేరాలనుకునే పిల్లలుంటే పక్కన కూర్చుని చూడండి, మధ్యలో ఆపి మాట్లాడండి, డీవీడీకి ఉన్న లాభం అదే. నన్నెవరన్నా అరువడిగితే మాత్రం నాలుగో సీజన్ ఇప్పుడు లేదు, కోచింగ్ సెంటర్ హాస్టల్లో ఉన్న మా అమ్మాయి స్నేహితురాళ్లకి చూపిస్తానని డ్రైవ్‌తో సహా పట్టుకెళ్లింది.